కరెంటు ఆటో, పన్ను రాయితీ, మన గేరి (మన బతుకు లెక్కలు – 11వ భాగం)



పోయిన భాగంలో బ్యాంకు అప్పులు మన గేరి దాకా ఎందుకు రావో రాశాను. ఈసారీ అప్పు సంగతే. కాకపోతే కరెంటు ఆటో ఎక్కి వస్తుంది. కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి. ఆటో నడిపే అన్నదమ్ములెవరైనా మీ ఇంట్లో ఉంటే వాళ్ళకు చదివి వినిపించండి.

మా చిన్నమ్మ కొడుకు కర్నూలులో కరెంటు ఆటో తోలుతాడు. పొద్దున ఆర్టీసీ బస్టాండు, మధ్యాహ్నం పెద్దాసుపత్రి, సాయంత్రం నంద్యాల చెక్‌పోస్టు. డీజిల్ ఆటో ఉన్నప్పుడు రోజుకు మూడు నాలుగు వందలు నూనెకే పోయేది. బాడుగల డబ్బు బంకులో పోసి, మిగిలింది ఇంటికి తెచ్చేవాడు. అందుకే ధైర్యం చేసి బండి మార్చాడు. మొన్న ఒక రాత్రి పదకొండు గంటలకు ఫోన్ చేశాడు.

"అన్నా, కరెంటు బండి కొన్నోళ్ళకి ఇన్‌కం ట్యాక్సులో లక్షన్నర దాకా మాఫీ అంట గదా. వీడియోలో జెప్పినాడు. చార్జర్ పెట్టుకున్నా వాపస్ వస్తాదంట. నేను బండి కొని రెండేండ్లాయె. నాకెందుకు రాలేదు?"

ఫోన్‌లో రెండు మాటల్లో చెప్పేది కాదు. ఆదివారం రమ్మన్నాను. బండి కాగితాలన్నీ ముందర పెట్టుకుని కూర్చున్నాం. ఆ రోజు మేమిద్దరం వేసిన లెక్కే ఈ పోస్టు.

మొదట ఒక మాట తేల్చుకుందాం. సర్కారు మనకు డబ్బు సాయం చేసే దారులు రెండు. ఒకటి, చేతికిచ్చేది లేదా ధరలోనే తగ్గించేది. పింఛను, బండి మీద సబ్సిడీ అట్లాంటివి. రెండోది, నువ్వు కట్టాల్సిన పన్నులో తగ్గించేది. మినహాయింపు అన్నా, క్రెడిట్ అన్నా లెక్క వేసే తీరులో తేడా ఉంది గానీ మూలం ఒకటే. ముందు నువ్వు పన్ను కట్టేవాడివై ఉండాలి. కట్టే పన్నే లేనివాడికి తగ్గించడానికి ఏముంటుంది? వినడానికి ఇది అందరికీ ఇచ్చిన రాయితీలాగే ఉంటుంది. చట్టంలో ఎక్కడా కులం పేరు ఉండదు, గేరి పేరు ఉండదు. అయినా మన గేరి మొత్తం బయటే ఉంటుంది.

ఇప్పుడు తమ్ముడు విన్న లక్షన్నర కథ. అది అబద్ధం కాదు. 2019 బడ్జెట్‌లో నిర్మలా సీతారామన్ గారు ప్రకటించారు. ఆదాయపు పన్ను చట్టంలో 80ఇఇబి అనే సెక్షన్ చేర్చారు. కరెంటు బండి కోసం అప్పు తీసుకుంటే, ఆ అప్పు మీద కట్టే వడ్డీలో ఏడాదికి 1,50,000 రూపాయల దాకా ఆదాయంలోంచి తీసేసి పన్ను లెక్క వేస్తారు. మంచిదే. కానీ దానికి ఎన్ని గోడలున్నాయో చూడండి.

మొదటి గోడ తేదీ. ఆ అప్పు 2019 ఏప్రిల్ 1 నుంచి 2023 మార్చి 31 లోపల మంజూరై ఉండాలి. తర్వాత తీసుకున్న అప్పుకు లేదు. మావాడు కొన్నది ఆ తేదీ దాటినాక. కరెంటు బండ్లు ముందుగా కొన్నది ఎవరు? పెద్ద ఊళ్ళలో చేతిలో డబ్బున్నవాళ్ళు. మన వీధిలోకి ఆ బండి వచ్చేసరికి గడువు ముగిసింది.

రెండో గోడ అప్పు ఇచ్చినవాడు. బ్యాంకు గానీ, చట్టం చెప్పిన తరగతి ఫైనాన్స్ కంపెనీ గానీ ఇచ్చిన అప్పుకే వర్తిస్తుంది. వడ్డీ వ్యాపారి దగ్గర నోటు రాసిచ్చి తెచ్చినదానికి లేదు. చీటీ పాడి కట్టిన డబ్బుకు లేదు. పెళ్ళాం మెడలో గొలుసు సేటు దగ్గర పెట్టి తెచ్చినదానికి లేదు. మనవాళ్ళ మొదటి చెల్లింపు ఎక్కడి నుంచి వస్తుందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

మూడో గోడ బండి. బ్రేకు వేసినప్పుడు పుట్టే కరెంటు మళ్ళీ బ్యాటరీలోకి పోయే ఏర్పాటు ఉన్న బండినే ఈ సెక్షన్ కరెంటు బండి అంటుంది. ఆ ఏర్పాటు లేని చౌక రకం ఈ-రిక్షా దీని లెక్కలోకి రాదు. ఇంకో సంగతి. సెక్షన్ మాట్లాడేది బండి కోసం తీసుకున్న అప్పు వడ్డీ గురించి. విడిగా డబ్బు పెట్టి గోడకు బిగించుకున్న చార్జర్ ఖర్చు అందులో లేదు. చార్జర్‌కు వాపసు వస్తుందని వీడియోలో చెప్పినాయన అమెరికా సంగతిని ఇక్కడికి తెచ్చి అతికించాడు. ఆ అమెరికా సంగతి కూడా కింద చెబుతాను.

నాలుగో గోడ అన్నిటికంటే ఎత్తైనది. ఈ మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది, కొత్త విధానంలో లేదు. 2024 జులై 31 నాటికి దేశంలో 7.28 కోట్ల రిటర్నులు దాఖలయ్యాయి. అందులో 72 శాతం కొత్త విధానంలోవే. అంటే రిటర్ను వేసేవాళ్ళలోనే ఎక్కువమందికి ఈ తలుపు మూతపడింది. ఇక రిటర్ను వేయని జనం మాటేమిటి? 140 కోట్ల దేశంలో 7 కోట్ల రిటర్నులు. మా ఊరి గేరిలో నాకు తెలిసి రిటర్ను వేసేవాళ్ళు ముగ్గురు. ఇద్దరు టీచర్లు, ఒక ఆర్టీసీ కండక్టర్.

ఇప్పుడు రెండు బండ్లు పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఒకాయన పెద్ద జీతగాడు. 30 శాతం పన్ను స్లాబులో ఉన్నాడు. గడువులోపల కరెంటు కారు కొన్నాడు. ఏడాదికి లక్షన్నర వడ్డీ కట్టాడనుకోండి. సెస్సుతో కలిపి ఆయనకు మిగిలే పన్ను 46,800 రూపాయలు. ఒక్క ఏడాదికి. ఆ అప్పు తీరేదాకా ఏటా ఎంత వడ్డీ కడితే దానికి తగ్గట్టు మిగులుతూనే ఉంటుంది.

మావాడు తీసుకున్నది 3 లక్షల అప్పు. బ్యాంకు తిప్పి పంపితే ప్రైవేటు ఫైనాన్స్ దగ్గర 22 శాతం వడ్డీకి తెచ్చాడు. 48 నెలలు. నెలకు 9,450 రూపాయల దాకా కంతు. నాలుగేండ్లలో వడ్డీ ఒక్కటే లక్షా యాభై వేలు దాటుతుంది. అదే 3 లక్షలు బ్యాంకు 10 శాతానికి ఇచ్చి ఉంటే కంతు 7,600 దగ్గర ఉండేది, మొత్తం వడ్డీ 65 వేలు. తేడా 88 వేలు.

సర్కారు పెద్ద జీతగాడి వడ్డీలో భాగం పంచుకుంది. మావాడి వడ్డీ మొత్తం మావాడే మోశాడు. పైగా ఎక్కువ వడ్డీ కట్టింది వాడే. దీన్ని ప్రోత్సాహం అన్నారు!

సరే, అప్పు సంగతి వదిలేద్దాం. చార్జింగ్ దగ్గరికి వద్దాం. ఇక్కడ లెక్క ఇంకా విచిత్రం.

2019 ఆగస్టు 1 నుంచి కరెంటు బండ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి, చార్జర్ల మీద 18 నుంచి 5 శాతానికి తగ్గించారు. బండి చౌక, చార్జర్ చౌక. కరెంటు మీద జీఎస్టీ అసలే లేదు. కాబట్టి సొంత ఇల్లు, ఇంట్లో కారు నిలుపుకునే చోటు ఉన్నవాడు రాత్రి ఇంట్లో ప్లగ్గు పెట్టుకుంటే ఆ కరెంటు మీద రూపాయి జీఎస్టీ పడదు. అదే ఇల్లు లేనివాడు, బాడుగ ఇంట్లో ఉండేవాడు పబ్లిక్ చార్జింగ్ స్టేషన్‌కు పోతే? అక్కడ కరెంటు అమ్మినట్టు కాదు, సేవ చేసినట్టు. చార్జింగ్ అనేది సేవ అని కేంద్ర విద్యుత్ శాఖ 2018 ఏప్రిల్‌లోనే చెప్పింది. సేవ కాబట్టి 18 శాతం జీఎస్టీ.

బ్యాటరీ అదే, కరెంటూ అదే. గేటు ఉన్న ఇంట్లో ఎక్కిస్తే జీఎస్టీ సున్నా, గేటు లేనివాడు వీధిలో ఎక్కించుకుంటే 18 శాతం. ఆటో బ్యాటరీ పూర్తిగా ఎక్కాలంటే నష్టంతో కలిపి 9 యూనిట్లు అనుకుందాం. యూనిట్‌కు 15 రూపాయలు తీసుకునే చోట దాని మీద జీఎస్టీ 2 రూపాయల 70 పైసలు. నెలకు 26 రోజులు బండి తిరిగితే 630 రూపాయలు, ఏడాదికి ఏడున్నర వేలు. అది పన్ను ఒక్కటే. ఆటో తోలేవాడు ఈ దేశంలో పన్ను కట్టడు అనేవాళ్ళకు ఈ లెక్క చూపించండి. కడతాడు. రాయితీ ఇచ్చే పన్ను కట్టడు, రాయితీ లేని పన్నే కడతాడు.

అయితే ఇంట్లోనే ఎక్కించుకోవచ్చు కదా అంటారు. నిబంధనలు కూడా ఒప్పుకుంటాయి. ఇంటి కనెక్షన్ మీద సొంత బండికి చార్జింగ్ పెట్టుకోవచ్చని కేంద్రం మార్గదర్శకాలే చెప్పాయి. మన ఇండ్లు ఎట్లున్నాయి మరి?

మావాడు ఉండేది బాడుగ గదిలో. ఇంటాయన బండి నిలుపుకోనిచ్చాడు గానీ వైరు గుంజనియ్యలేదు. "మీటరు కాలిపోతాది, ఫైరైతాది" అన్నాడు. భయం నిజమే కావచ్చు. కానీ ఆయన అల్లుడి కరెంటు స్కూటర్ అదే గోడకున్న ప్లగ్గులో రాత్రంతా ఉంటుంది. ఇంతకంటే నేను చెప్పను, మీకు తెలుసు. ఇప్పుడు వాడు రాత్రికి వంద రూపాయలిచ్చి ఒక షెడ్డులో చార్జింగ్ పెట్టుకుంటున్నాడు. బిల్లు లేదు, రసీదు లేదు. ఇంటికి వచ్చేది నడిచి.

సొంత ఇల్లు వచ్చినవాళ్ళ సంగతీ చూడండి. 2020 డిసెంబరులో మొదలుపెట్టిన ఇళ్ళ పట్టాల కార్యక్రమంలో ఊళ్ళలో సెంటున్నర, పట్నాల్లో సెంటు ఇచ్చారు. సెంటు అంటే 48 గజాలు. అందులో గది, వంటిల్లు, బాత్‌రూమ్ కట్టినాక ఆటో పెట్టేది వీధిలో. వీధిలో ఉన్న బండికి కిటికీలోంచి వైరు వేలాడేయాలి. వాన వస్తే దాన్ని పిల్లలు తొక్కుతారు.

ఎస్సీ, ఎస్టీ కాలనీల్లో నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఉంది. ఉద్యమాలు చేసి సాధించుకున్నది అది. కానీ అది బల్బు, ఫ్యాను, టీవీ కోసం వేసిన లెక్క. రోజుకు 9 యూనిట్లు, 26 రోజులు. 234 యూనిట్లు ఒక్క ఆటోకే! ఇంటి వాడకం 80 కలిపితే 314. బతుకుదెరువు కోసం కరెంటు బండి కొన్న దళితుడి ఇల్లు ఆ నెలలోనే ఉచిత లెక్క దాటిపోతుంది. పైగా ఆటో చార్జర్‌కు పవర్ ప్లగ్గు, దానికి తగ్గ లోడు కావాలి. చాలా ఇండ్లకు రాసుకున్న లోడు చిన్నది. పెంచమంటే అదనపు లోడుకు డిపాజిట్టు, అభివృద్ధి చార్జీలు. మన ఇంటికి ఇచ్చిన ఉచితం, మన బండి దగ్గరికి వచ్చేసరికి అడ్డమై కూర్చుంది.

ఇప్పుడు అమెరికా సంగతి. మా జూనియర్ ఒకడు, కడప తమ్ముడు, డల్లాస్ దగ్గర ఉంటాడు. వాడు ఇంట్లో చార్జర్ పెట్టించుకుని, క్రెడిట్ రాలేదని నాతో వాపోయాడు. అక్కడ 30సి అని ఒక సెక్షన్ ఉంది. ఇంట్లో చార్జర్ పెట్టుకుంటే ఖర్చులో 30 శాతం, గరిష్ఠంగా 1,000 డాలర్లు పన్నులో తగ్గిస్తారు. అయితే 2022లో తెచ్చిన చట్టంతో ఒక షరతు వచ్చింది. 2023 నుంచి, ఆ ఇల్లు తక్కువ ఆదాయం ఉన్న ప్రాంతంలో గానీ, పట్నం కాని ప్రాంతంలో గానీ ఉండాలి. జనాభా లెక్కల కోసం గీసుకున్న చిన్న చిన్న ప్రాంతాల వారీగా జాబితా ఉంటుంది. మావాడి కాలనీ ఆ జాబితాలో లేదు. "ఇంత ట్యాక్స్ కడతాం అన్నా, మాకే లేదంటే ఎట్లా?" అన్నాడు.

నిజం చెబుతున్నా, నాకు ఆ షరతు నచ్చింది. ఉన్నవాడి వీధిలో చార్జర్ ఎట్లాగూ వస్తుంది. లేని వీధిలో రావాలంటేనే సర్కారు చెయ్యి పడాలి. మన దేశంలో కరెంటు బండి రాయితీలు రాసినవాళ్ళకు "ఎవరి వీధి?" అనే ప్రశ్న తట్టనే లేదు. అక్కడ కనీసం తట్టింది.

కానీ అక్కడా సగం న్యాయమే. ఆ క్రెడిట్ చేతికివ్వరు. కట్టాల్సిన పన్ను ఎంతుందో అంతవరకే తగ్గిస్తారు. పన్ను లేకపోతే సున్నా. సొంతింటి చార్జర్ మీద ఈ ఏడాది వాడుకోలేని క్రెడిట్‌ను వచ్చే ఏడాదికి తీసుకుపోనివ్వరు. అంటే పేద వీధి అని గీత గీశారు, ఆ వీధిలో పన్ను కట్టగలిగినవాడికే ఇచ్చారు. చివరికి 2025 జులైలో కొత్త చట్టం చేసి, 2032 దాకా ఉండాల్సిన దాన్ని 2026 జూన్ 30తో ఆపేశారు. ఆ తేదీ తర్వాత పెట్టే చార్జర్లకు లేదు.

ఇందులో మనం నేర్చుకోవాల్సింది ఉంది. రాయితీకి హద్దు పెట్టడం తప్పు కాదు. సర్కారు డబ్బుకు హద్దు ఉండాల్సిందే. ఆ హద్దు ఎవర్ని బయట పెడుతోంది అనేదే మన ప్రశ్న. అమెరికా ఉన్నోళ్ళ కాలనీని బయట పెట్టింది, పన్ను కట్టలేని పేదనూ బయట పెట్టింది. మన దేశం మొదటివాడిని లోపల కూర్చోబెట్టి, రెండోవాడిని బయటే ఉంచింది.

చార్జింగ్ స్టేషన్లు ఎక్కడ పెట్టాలనే దాంట్లోనూ ఇదే హద్దు. 2019లో సవరించిన కేంద్ర మార్గదర్శకాల్లో మొదటి దశ అంటే 2011 లెక్కల ప్రకారం 40 లక్షలకు పైగా జనం ఉన్న మహానగరాలు, వాటిని కలిపే పెద్ద రోడ్లు. తర్వాతి దశలో రాష్ట్ర రాజధానులు. అదే 2011లో కర్నూలు జనాభా 4.3 లక్షల దగ్గర, కడప 3.4 లక్షల దగ్గర. మన వంతు ఎప్పుడో మీరే చెప్పండి. పీఎం ఈ-డ్రైవ్ పథకం 10,900 కోట్లతో 2024 అక్టోబరులో మొదలైంది. అందులో చార్జింగ్ కోసం 2,000 కోట్లు పెట్టారు. కార్లకు 22,100, బస్సులకు 1,800, రెండు, మూడు చక్రాల బండ్లకు 48,400 చార్జర్లు అని లక్ష్యం. మూడు చక్రాల బండికి లెక్క ఉంది, సంతోషం. కానీ అవి కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల వస్తాయా, ఊరి చివర కాలనీలో వస్తాయా? కర్నూలు నుంచి నంద్యాల, మైదుకూరు మీదుగా కడపకు పోయే 40వ నంబరు హైవే మీద హోటల్ ముందర కార్ల గన్ను పెట్టి, "జిల్లాలో చార్జింగ్ వచ్చింది" అంటే మన ఆటోకు ఒరిగేదేమీ లేదు. ఆ గన్ను మన ఆటోకు పట్టదు.

ఇదే నేల నుంచి కరెంటు మాత్రం కావాలి. గని, శకునాల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో వచ్చింది. దాదాపు 6 వేల ఎకరాలు. పిన్నాపురం కొండల్లో నీళ్ళు ఎత్తిపోసి కరెంటు నిలవ చేసే ప్రాజెక్టు. కడప జిల్లా మైలవరంలో ఇంకో సోలార్ పార్కు. ఇట్లాంటి పార్కుల కింద పోయే నేలల్లో డీకేటీ పట్టాలూ ఉంటాయి. డీకేటీ భూమి ఎవరికిచ్చినదో, దానికి పరిహారం అడగాలంటే ఎన్ని ఆఫీసులు తిరగాలో మనకు తెలుసు. పట్టా భూమితో సమానంగా అసైన్డ్ భూమికీ పరిహారం ఇవ్వాలని 2004లో ఏడుగురు జడ్జీల హైకోర్టు బెంచి మేకల పాండు కేసులో చెప్పాల్సి వచ్చింది. సీమ ఎండ కరెంటయింది. ఆ కరెంటుతో నడిచే బండి మన ఇంటికొస్తే దానికి ప్లగ్గు లేదు.

ఇక్కడ ముగ్గురు నాతో వాదానికి వస్తారు. వాళ్ళకు జవాబు చెప్పి ముందుకు పోతాను.

మొదటాయన అంటాడు: "పన్ను కట్టేవాడి డబ్బే అది, వాడికి కొంచెం తిరిగిస్తే మీకేం?" అయ్యా, అగ్గిపెట్టె నుంచి ఆటో టైరు దాకా జీఎస్టీ కట్టేది మేమూనూ. ఖజానాలో మా డబ్బూ ఉంది. మాఫీ చేసిన పన్ను కూడా సర్కారు ఖర్చే. పింఛను ఇస్తే ఉచితం అనీ, పన్ను మాఫీ చేస్తే ప్రోత్సాహం అనీ పేరు మార్చినంత మాత్రాన ఖజానాకు తేడా లేదు.

రెండో ఆయన మనవాడే: "గేరిలో తాగునీళ్ళు లేవు, శ్మశానానికి దారి లేదు, నువ్వు చార్జర్ అంటావేంది అన్నా?" న్యాయమైన కోపం. నా జవాబు ఒకటే. మన యువకులకు ఊళ్ళో భూమి లేదు, కరువొస్తే కూలి లేదు, కర్నూలులో, కడపలో, ప్రొద్దుటూరులో ఆటో ఒక బతుకు. ఆ ఆటో డీజిల్ నుంచి కరెంటుకు మారిపోతోంది. నీళ్ళ కోసం కొట్లాడుతూనే దీని కోసమూ అడగాలి. సెల్‌ఫోన్ వచ్చినప్పుడు, మీ-సేవ వచ్చినప్పుడు చివర్లో మేలుకున్నాం. ఈసారైనా మొదట్లో అడుగుదాం.

మూడో ఆయన అధికారి: "చేతికి డబ్బిస్తే దుర్వినియోగం అవుతుంది." మావాడి 22 శాతం వడ్డీ దుర్వినియోగం కాదా సార్? అది ఎవరి ఖాతాలో రాస్తారు?

బాబాసాహెబ్‌ను మనం రాజ్యాంగంతోనే గుర్తు పెట్టుకుంటాం. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖతో పాటు నీటిపారుదల, విద్యుత్తు చూసింది ఆయనే. దేశంలో కరెంటు ఎవరి చేతుల్లో ఉండాలి, ఎంత చౌకగా ఉండాలి అని అప్పుడే ఆలోచించారు. పరిశ్రమలు రావాలంటే, జనం పేదరికం నుంచి బయట పడాలంటే కరెంటు సమృద్ధిగా, చౌకగా అందాలన్నది ఆయన వాదన. రూపాయి మీద, రాష్ట్రాల ఖజానాల మీద పరిశోధన చేసిన ఆర్థికవేత్త కూడా ఆయనే. పన్నుల లెక్క, కరెంటు లెక్క మనకెందుకులే అనుకునే మన పిల్లలు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి. బాబాసాహెబ్ దారిలో ఇది పక్క సందు కాదు.

ఇక ఏం చేయాలి? నాకు తోచినవి రాస్తున్నా. తప్పులుంటే సరిదిద్దండి.

ఒకటి. కరెంటు ఆటో కొనేవాడికి పన్ను మినహాయింపు వద్దు, వడ్డీ తగ్గించండి. ఎస్సీ కార్పొరేషన్ ద్వారా గానీ, జాతీయ ఎస్సీ ఆర్థిక సంస్థ హరిత వ్యాపార పథకం ద్వారా గానీ బ్యాంకు వడ్డీకి అప్పు అందితే, మావాడి లెక్కలో 88 వేలు మిగిలేవి. పథకం కాగితం మీద ఉంది. దాని దరఖాస్తు మన గేరిలో ఎవరి చేతిలోనూ నేను చూడలేదు.

రెండు. పబ్లిక్ చార్జింగ్ మీద 18 శాతం జీఎస్టీ తగ్గాలి. ఇంట్లో సున్నా, వీధిలో 18 అనేది ఏ న్యాయం? చార్జర్ మీద 5, బండి మీద 5 పెట్టినవాళ్ళకు చార్జింగ్ మీద 5 పెట్టడం కష్టం కాదు.

మూడు. కాలనీలో ఆటో చార్జింగ్‌కు విడిగా మీటరు, తక్కువ రేటు ఇవ్వాలి. ఇంటి 200 యూనిట్ల ఉచితాన్ని దానితో ముడిపెట్టవద్దు. ఈ రేట్లు ఖరారు చేసేది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి. 2023లో దాని ఆఫీసును కర్నూలుకే తెచ్చారు. ఏటా డిస్కంలు రేట్ల ప్రతిపాదన పెట్టినప్పుడు మండలి జనం నుంచి అభ్యంతరాలు తీసుకుంటుంది. పరిశ్రమల సంఘాలు రాస్తాయి, రైతు సంఘాలు రాస్తాయి. దళిత ఆటో కార్మికుడు రాసిన కాగితం ఒక్కటైనా అక్కడికి చేరాలి. దానికి లాయరు అక్కర్లేదు.

నాలుగు. ఇది సర్కారు కోసం ఆగకుండా మనమే మొదలుపెట్టగలిగేది. చార్జింగ్ స్టేషన్ పెట్టడానికి విద్యుత్ లైసెన్సు అక్కర్లేదు. సేవల వ్యాపారం ఏడాదికి 20 లక్షల లోపుంటే జీఎస్టీ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. రిజిస్టర్ కాకపోతే చార్జర్ కొన్నప్పుడు కట్టిన 5 శాతం మనకు ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి రాదు, నిజమే. పెద్ద కంపెనీకైతే చార్జర్ మీదా, దాని పునాది మీదా కట్టిన పన్ను క్రెడిట్‌గా వస్తుంది. మనకు రాదు. కానీ మన దగ్గరికొచ్చే ఆటోవాడి నుంచి 18 శాతం వసూలు చేయాల్సిన పనీ లేదు. పది ఆటోలు, రోజుకు 9 యూనిట్లు, యూనిట్‌కు 10 రూపాయలు. నెలకు 23,400. ఏడాదికి 2 లక్షల 80 వేలు. 20 లక్షల హద్దుకు చాలా దూరం. కాలనీ కమ్యూనిటీ హాలు పక్కన రేకుల షెడ్డు, పది పవర్ ప్లగ్గులు, ఒక మంచి మీటరు, ఎర్తింగు. మన అక్కల పొదుపు సంఘం నడపొచ్చు. అందరికీ మూసుకున్న క్రెడిట్ తలుపుల మధ్య మనకు తెరిచి ఉన్న కిటికీ ఇదొక్కటే కనిపించింది నాకు.

ఒక జాగ్రత్త. ఈ షెడ్డు కోసం సబ్‌ప్లాన్ నిధి అడగొచ్చు. కానీ సబ్‌ప్లాన్ పేరుతో హైవే మీద అందరి చార్జర్లకు ఆ డబ్బు మళ్ళిస్తే ఒప్పుకోవద్దు. షెడ్డు గేరిలో ఉండాలి, తాళం గేరి మనిషి చేతిలో ఉండాలి.

ఆదివారం లెక్క అయిపోయేసరికి చీకటి పడింది. మావాడు కాగితాలన్నీ మడిచి కవర్లో పెట్టుకున్నాడు. "అంటే నాకు రావాల్సింది ఏమీ లేదంటావు" అన్నాడు. చట్టం ప్రకారం లేదు అన్నాను. కొంచెంసేపు ఊరకుండి, "మరి ఆ కరెంటు ఆఫీసుకు రాసే కాగితం ఎట్లా రాయాలో చెప్పు, నాతో పాటు షెడ్డులో ఇంకా ఆరుగురున్నారు" అన్నాడు. ఆ కాగితం మేమిద్దరం ఆ రాత్రే మొదలుపెట్టాం. అందులో నలుగురు మన గేరోళ్ళే, ఇద్దరు ముస్లిం అన్నదమ్ములు. ఆరుగురి సంతకాలూ పెట్టిస్తానన్నాడు.

మీ ఊళ్ళో కరెంటు ఆటో నడిపేవాళ్ళు రాత్రి ఎక్కడ చార్జింగ్ పెట్టుకుంటున్నారు, ఎంత కడుతున్నారు, ఎంత వడ్డీకి అప్పు తెచ్చారు? కామెంట్లలో రాయండి, ఊరి పేరు మాత్రం మరవకండి. ఆ లెక్కలన్నీ కలిపి కాగితానికి జత చేస్తాం.

వచ్చే భాగంలో డీకేటీ భూమి, సోలార్ పలకల సంగతి.

జై భీమ్.